“కనిపించింది” అంటే ఏది కనిపించింది? లోంగేవాలా మీది కృషక్, విభూతిపుర డాబా: ఒక కేస్ స్టడీ

పోయిన వేసవిలో ఒక చిన్న సిమ్యులేటర్ కంపెనీలో పనిచేసే పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చారు. ముగ్గురూ తెలుగువాళ్లే. ఒకమ్మాయిది గుంటూరు, ఒకబ్బాయిది కర్నూలు. మూడోవాడు బెంగళూరులోనే పుట్టి పెరిగాడు, తెలుగులో మాట్లాడుతూనే మధ్యలో కన్నడంలో ‘హౌదు’ అనేస్తుంటాడు. నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేరి, తర్వాత ఆర్మీ ఏవియేషన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపి, రిటైరయ్యాక బెంగళూరులో, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ దగ్గర విభూతిపురలో ఇల్లు కట్టుకున్నవాణ్ని. వాళ్లు తయారుచేస్తున్న ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఎయిర్‌బోర్న్ ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్’ అనే పాత్ర ఒకటుంది. అది సరిగ్గా వచ్చిందో లేదో చూసి చెప్పమన్నారు.

లాప్‌టాప్ తెరిచి చూపించారు. స్క్రీన్ మీద చిన్న విమానం గుండ్రంగా తిరుగుతోంది. అందులో కూర్చున్న ఆటగాడు శత్రువు ట్యాంకు మీద క్లిక్ చేస్తే అది ఎర్రగా మెరుస్తుంది. ఆ మరుక్షణమే ఫైటర్ పైలట్ స్క్రీన్ మీద కూడా అదే ట్యాంకు ఎర్రగా మెరుస్తుంది. అతను వచ్చి కొట్టేస్తాడు.

“గ్రాఫిక్స్ బాగున్నాయి. కానీ ఆ మనిషి ఉద్యోగమంతా ఈ క్లిక్‌కీ ఆ మెరుపుకీ మధ్యలోనే ఉంది నాన్నా. దాన్నే తీసేశారు” అన్నాను.

ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ అన్న ఈ ఉద్యోగాన్ని మేం పొడి అక్షరాల్లో ఫ్యాక్ అంటాం. కింద మన సైనికులుంటారు. ఒక్కోసారి కొన్ని వందల మీటర్ల దూరంలోనే శత్రువు ఉంటాడు. పైనుంచి ఫైటర్ వచ్చి శత్రువునే కొట్టాలి, మనవాళ్లను కాదు. ఆ పైలట్‌కు ఆ నేల కొత్త. మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో చెప్పి, కొట్టాల్సింది చూపించి, చివరికి ‘కొట్టు’ అనో ‘వద్దు’ అనో చెప్పే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ట్రెంచ్‌లో కూర్చునీ చెప్పొచ్చు. కానీ అక్కణ్నుంచి చూస్తే ఎదుటి దిబ్బ వెనకాల ఏముందో తెలియదు. అందుకే నెమ్మదిగా ఎగిరే ఒక విమానంలో పైకి పంపుతారు.

పిల్లలకు ఇదంతా పాఠంలా చెప్పకుండా లోంగేవాలా తీసుకున్నాను.

1971 డిసెంబర్ 4 రాత్రి. రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా పోస్టు. అక్కడ ఉన్నది 23 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన ఒక కంపెనీ, దాదాపు 120 మంది. కంపెనీ కమాండర్ మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి. వాళ్ల మీదికి సరిహద్దు దాటి రెండు వేలకు పైగా పాకిస్తాన్ సైనికులు, నలభైకి పైగా ట్యాంకులు వచ్చాయి. సాయం కావాలని రాత్రే కబురెళ్లింది. జైసల్మేర్‌లో ఎయిర్ ఫోర్స్ వాళ్ల హంటర్ జెట్ ఫైటర్లున్నాయి గానీ, చీకట్లో దాడి చేసే సరంజామా వాటికి లేదు. తెల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. 5వ తేదీ పొద్దున్నే వెలుతురు పడగానే హంటర్లు వచ్చాయి. ఉన్నవి కొద్ది విమానాలే. అవే వంతులవారీగా వెళ్లి, నింపుకుని, మళ్లీ వచ్చి, 30 ఎంఎం ఫిరంగులతో, రాకెట్లతో రోజంతా ట్యాంకులను వేటాడాయి.

ఇంతవరకు మనవాళ్లు చాలామందికి తెలిసిన కథే. హంటర్లకు కింద, వాటి వేగంలో మూడో వంతు కూడా లేని ఇంకో విమానం ఆ ఆకాశంలో తిరిగిందన్న సంగతి మాత్రం అంతగా తెలియదు. అది కృషక్. నడిపింది ఆర్మీ ఎయిర్ ఓపీ పైలట్, అంటే గాల్లోంచి చూసి ఫిరంగుల గురి దిద్దే పైలట్, మేజర్ ఆత్మా సింగ్. పైనుంచి ట్యాంకులను చూస్తూ హంటర్లకు దారి చూపించింది ఆయనే. ఆయనకు వీర్ చక్ర ఇచ్చారు.

కృషక్ అంటే రైతు. మా ఇంటికి కూతవేటు దూరంలోని హెచ్ఏఎల్‌లోనే పుట్టింది. 1959లో మొదటిసారి ఎగిరింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో వాడిన పుష్పక్‌ను పెద్దది చేస్తే వచ్చిందిది. ఇంజను 225 హార్స్‌పవర్. ఇవాళ మారతహళ్లి సిగ్నల్ దగ్గర ఆగే పెద్ద కార్లలో కొన్నిటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటిందంటే గొప్ప. తుపాకీ లేదు, కవచం లేదు. ఒక్క మంచి గుణం ఉంది: రెక్క పైలట్ తలకు పైన ఉంటుంది. కిందికి చూస్తే నేలంతా కనిపిస్తుంది. అమెరికా వాళ్లు వియత్నాంలో వాడిన బర్డ్ డాగ్ కూడా అచ్చం ఇలాంటిదే, రెక్క పైనే. దీనికో తిప్పలుంది. నేల బాగా కనిపిస్తుంది గానీ, పైనుంచి దూసుకొచ్చే ఫైటర్‌కు రెక్క అడ్డమొస్తుంది. రెండూ చూడాలంటే విమానాన్ని అటూ ఇటూ వాలుస్తూ ఉండాల్సిందే.

“సార్, అంత స్లోగా ఉంటే పనికొస్తుందా?” అంది గుంటూరమ్మాయి.

స్లోగా ఉండటమే దాని పని. హంటర్ దాడికి వచ్చే వేగం గంటకు 740 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 200 మీటర్ల పైమాటే. 20 సెకన్లలో నాలుగు కిలోమీటర్లు. ఆ 20 సెకన్లలో పైలట్ విమానం నడపాలి, ఎత్తు చూసుకోవాలి, గురి పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఏది కొట్టాలో కనుక్కోవాలి. కృషక్‌లో ఉన్నాయన అదే చోటు మీద అరగంట నుంచి తిరుగుతున్నాడు. ఏ ట్యాంకు కదులుతోంది, ఏది ఆగిపోయింది, మన ట్రెంచులు ఎక్కడున్నాయి, అన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. ఆ బుర్రలో ఉన్నది 20 సెకన్లలో ఇంకొకరి బుర్రలోకి ఎక్కించాలి, అదీ గరగరలాడే రేడియోలో, మాటలతో. మీ సాఫ్ట్‌వేర్‌లో లేనిది ఇదే అన్నాను.

వాళ్లు తలలూపారు గానీ నమ్మినట్టు అనిపించలేదు. సరే, శనివారం పొద్దున డాబా మీదికి రమ్మన్నాను.

మాది ఐదో అంతస్తు డాబా. విభూతిపుర చెరువు కనిపిస్తుంది, ఒక గుడి గోపురం కనిపిస్తుంది, మిగతాదంతా ఇళ్లే. బెంగళూరులో ప్రతి ఇంటి మీదా నల్ల సింటెక్స్ ట్యాంకు ఉంటుంది. మా డాబా మీంచి ఒకవైపే లెక్కపెడితే 31 ఉన్నాయి. శత్రువు ట్యాంకులకు ఇంతకన్నా మంచి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది, పేరు కూడా అదే! బైనాక్యులర్ పెట్టుకుని జనాల ఇళ్లమీదికి చూస్తే గొడవలవుతాయని ఆ వీధివాళ్లకు ముందే చెప్పి ఉంచాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన మాత్రం అనుమానంగా చూశాడు.

అమ్మాయి ఫ్యాక్. చేతిలో బైనాక్యులర్, రెండు ఫోన్లు. ఒకటి పైలట్‌తో మాట్లాడటానికి, ఇంకోటి నాతో. నేను కింద ట్రెంచ్‌లో ఉన్న కంపెనీ కమాండర్ని. అంటే మెట్ల గదిలో కుర్చీ వేసుకుని ఫోన్లో కేకలు పెట్టే మనిషిని. వియత్నాంలో ఫ్యాక్‌లకు మూడు రేడియోలుండేవి: నేల మీది సైనికులకు ఒకటి, ఫైటర్లకు ఒకటి, తమ కంట్రోల్‌కూ తోటి ఫ్యాక్‌లకూ ఇంకొకటి. మూడిట్లోనూ ఒకేసారి మాటలొచ్చేవి. నేను రెండుతో సరిపెట్టాను.

కర్నూలు కుర్రాడు పైలట్. వంటింటి టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం అతనికిచ్చాను. ఒక కన్ను మూసుకుని, ఇంకో కన్నుకు గొట్టం పెట్టుకుని, వీపు తిప్పి నిలబడాలి. నేను ‘వచ్చావు’ అనగానే తిరగాలి. 20 సెకన్లు. మూడోవాడి చేతిలో స్టాప్‌వాచ్, ఒక నోటుబుక్కు. ఎవరు ఏమన్నా అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

కొట్టాల్సింది రెండు వీధుల అవతల, మూత మీద ఇటుక పెట్టిన ట్యాంకు. దానికి రెండిళ్ల ఇవతలి డాబా మీద పసుపు పచ్చ బకెట్ ఒకటి పెట్టించాను. ఆ ఇల్లు మన పోస్టు.

నోటుబుక్కులో మొదటి రౌండ్ ఇలా ఉంది.

“చెరువు కనిపిస్తోందా?”

“కనపడ్తాంది.”

“చెరువుకు ఇటుపక్క గోపురం?”

“ఆఁ, కనపడ్తాంది.”

“దాని కుడిపక్కన ట్యాంకు. కనిపించిందా?”

“కనపడింది.”

“కొట్టు!”

19 సెకన్లు. కుర్రాడు సంతోషంగా గొట్టం దించి వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు తిన్నగా పసుపు బకెట్ ఉన్న ఇంటి మీదికి పోయింది. అమ్మాయి మొహం పాలిపోయింది. ఆట అని తెలుసు, అయినా సరే.

ఇద్దర్నీ కూర్చోబెట్టి నోటుబుక్కు ముందుపెట్టాను. తప్పెవరిదని అడిగితే ఎవరికివాళ్లు ‘నాదే సార్’ అన్నారు. మంచి పిల్లలు. కానీ తప్పు మనుషుల్లో లేదు, ‘కనపడింది’ అన్న మాటలో ఉంది. ఆ మూడు జవాబుల్లో ఆ అబ్బాయికి మొదట కనిపించింది చెరువు. తర్వాత కనిపించింది గుర్తుగా చెప్పిన గోపురం. చివర కనిపించింది ఏదో ఒక ట్యాంకు. అన్నిటికీ ఒకే మాట. ఈ పని చేసేవాళ్లు దీన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. గుర్తుగా చెప్పిన వస్తువు కనిపిస్తే ‘కాంటాక్ట్’. కొట్టాల్సిన శత్రువు కనిపిస్తే ‘ట్యాలీ’. మనవాళ్లు కనిపిస్తే ‘విజువల్’. ఇంకా వెతుకుతుంటే ‘లుకింగ్’. శత్రువు కనిపించకపోతే ‘నో జాయ్’. వినడానికి ఇదంతా స్టైల్ కోసం పెట్టుకున్న భాషలా ఉంటుంది. నేనూ కుర్రతనంలో అలాగే అనుకున్నాను. పైలట్ ‘ట్యాలీ’ అన్నాడు గానీ ‘విజువల్’ అనలేదంటే, శత్రువు దొరికాడు గానీ మనవాళ్లు ఎక్కడున్నారో అతనికి ఇంకా తెలియదని అర్థం. ఒక్క మాట రాకపోవడంతోనే ఆ సంగతి బయటపడుతుంది. మన ‘కనపడింది’లో అది బయటపడదు.

ఇంకోటి, కుడిపక్క. ఎవరి కుడి? అమ్మాయి చెరువు వైపు తిరిగి నిలబడింది. అబ్బాయి మూలగా తిరిగాడు. గాల్లో అయితే ఇద్దరూ రెండు వేర్వేరు దిక్కుల్లో ఎగురుతుంటారు. మా నాయనమ్మ మంచం జరపమన్నా ‘కొంచెం దక్షిణానికి లాగరా’ అనేది. పడమటిల్లు, ఉత్తరపు గోడ, తూర్పు వీధి, ఆమె నోట్లో కుడి ఎడమలు చాలా అరుదు. రేడియోలో కూర్చోబెడితే ఆమె మాకందరికీ పాఠం చెప్పేది.

ఆర్టిలరీలో పెరిగినవాళ్లకు ఇందులో కొంత వీలుంటుంది. మేం గుండు పడిన చోటునుంచి ‘రైట్ 200, యాడ్ 400’ అని, అంటే కుడికి 200, ఇంకా అవతలికి 400 అని మీటర్లలో దిద్దుతాం. అంటే ఇద్దరికీ తెలిసిన చోటొకటి పట్టుకుని అక్కణ్నుంచి కొలుస్తాం. ఎయిర్ ఓపీ పైలట్లు ఆ రోజుల్లో ఆర్టిలరీ ఆఫీసర్లే. ఆర్మీ ఏవియేషన్ వేరే కోర్‌గా ఏర్పడింది 1986లో. లోంగేవాలాలో ఒక గన్నర్ ఎయిర్ ఫోర్స్ పైలట్‌తో మాట్లాడుతున్నాడన్నమాట. నేల భాష ఒకరిది, గాలి భాష ఇంకొకరిది. పైగా అక్కడ చెరువు లేదు, గోపురం లేదు. ఇసుక, తుప్పలు, మళ్లీ ఇసుక. అదృష్టం ఏమిటంటే ట్యాంకు ఎడారిలో దాక్కోలేదు. కదిలితే దుమ్ము లేస్తుంది, తిరిగిన చోటల్లా పట్టాల జాడ గీతలు గీసినట్టు పడుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో నీడ పొడుగ్గా సాగుతుంది. ఒక్క ట్యాంకు అంటుకుందంటే చాలు, ఆ నల్ల పొగే ఇద్దరికీ గుర్తు. దానికి ఉత్తరాన ఇంత దూరంలో అని చెప్పుకుంటూ పోవచ్చు.

వియత్నాంలో ఆ పొగను ఫ్యాక్‌లే పెట్టేవాళ్లు. కింద అడవి, పైనుంచి చూస్తే ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టు ఉంటుంది. బర్డ్ డాగ్ రెక్కల కింద తెల్ల పొగ వచ్చే ఫాస్ఫరస్ రాకెట్లు నాలుగుండేవి. గురి చూసుకోవడానికి చాలామంది ముందు అద్దం మీద గ్రీజు పెన్సిల్‌తో చిన్న గీత గీసుకునేవాళ్లు. అంతే వాళ్ల గన్‌సైట్. రాకెట్ వేసి, ‘నా పొగకు తూర్పున యాభై మీటర్లు’ అని చెప్పేవాళ్లు. ఈ పద్ధతి అంతకుముందు కొరియాలో గట్టిపడింది. 1950 జులై నుంచి అక్కడ అమెరికా ఫ్యాక్‌లు టీ-6 శిక్షణ విమానాల్లో ‘మస్కిటో’ అనే పిలుపు పేరుతో ఎగిరారు. మన ఎయిర్ ఫోర్స్ పిల్లలు ఎగరడం నేర్చుకున్న హార్వర్డ్ కూడా ఆ విమానమే.

నాకు వియత్నాం ఫ్యాక్‌లలో నచ్చింది రాకెట్లు కాదు. ఒక్కొక్కరికి ఒక ప్రాంతం అప్పజెప్పేవాళ్లు, రోజూ దాని మీదే తిరగాలి. నెలలు గడిచేసరికి ఆ పల్లెలు వాళ్లకు కంఠతా వచ్చేవి. దండెం మీద బట్టలు నిన్నటికన్నా ఎక్కువున్నాయి, పొలంలో ఉండాల్సిన వేళకు మనుషులు లేరు, కాలిబాట కొత్తగా అరిగింది. ఇలాంటివి పట్టేవాళ్లు. మన ఊళ్లో తెల్లారి ఒక వాకిట్లో ముగ్గు లేకపోతే ‘ఆ ఇంట్లో ఏమైంది?’ అని ఎదురింటావిడ వెంటనే అడుగుతుంది చూశారా, అదే చూపు. కొత్తగా వచ్చినవాడికి అది ఖాళీ వాకిలే.

ఈ నెమ్మదికి ఖరీదుంది. తుపాకీ పట్టినవాడెవడికైనా బర్డ్ డాగ్ అందుతుంది. ఉత్తర వియత్నాంలో విమానాలను కూల్చే గన్‌లు ఎక్కువున్న చోట దాన్ని పంపడం అసాధ్యమైంది. అందుకని 1967లో రెండు సీట్ల ఎఫ్-100 జెట్లతో ‘మిస్టీ’ అనే ఫ్యాక్ దళం పెట్టారు. ముందు సీటువాడు విమానం చూసుకుంటాడు, వెనక సీటువాడు మ్యాపుతో నేల వెతుకుతాడు. దాని మొదటి కమాండర్ మేజర్ బడ్ డే ఆ ఆగస్టులోనే కూలిపోయి 1973 దాకా యుద్ధ ఖైదీగా ఉన్నాడు. వేగం పెంచితే చూపు తగ్గుతుంది, తగ్గిస్తే ప్రాణం పోతుంది. లోంగేవాలాలో ఆ రోజు పాకిస్తాన్ ఫైటర్లు ఆకాశంలోకి రాలేదు. వచ్చి ఉంటే కృషక్ కథ వేరే. ట్యాంకుల మీది భారీ మెషిన్‌గన్‌లు మాత్రం ఉన్నాయి, ఆ విమానానికి అవి చాలు.

ఇక రెండో రౌండ్. ఈసారి అమ్మాయి అవును, కాదు ప్రశ్నలు మానేసింది. “చెరువు గట్టు మీద ఏముందో నువ్వే చెప్పు” అంది. వాడు చెబుతుంటే వింటోంది. వాడు చూస్తున్నది తాను అనుకున్న గట్టేనని తేలాక, పెద్దదాన్నుంచి చిన్నదానికి దింపింది. గోపురం నుంచి పక్కనున్న సెల్ టవర్ దాకా ఉన్న దూరాన్ని ఒక కొలత అంది. “గోపురం నుంచి దక్షిణానికి అలాంటివి రెండు. అక్కడ వరసగా మూడు ట్యాంకులు. నడిమిదాని మూత మీద ఏముంది?” మధ్యలో హెచ్ఏఎల్ వైపు నుంచి తేజస్ ఫైటర్ ఒకటి లేచింది, పది పదిహేను సెకన్లు ఏమీ వినబడలేదు. నేను ఇంకో ఫోన్లో “ఎక్కడమ్మా మీ విమానాలు? మా మీదికి వచ్చేస్తున్నారు” అని అరుస్తూనే ఉన్నాను. టెన్షన్ పెట్టడమే నా పని. 20 సెకన్లు అయిపోయాయి. కొట్టలేదు.

“ఫెయిలయ్యాం సార్” అన్నాడు పైలట్. అవలేదు. ఫైటర్ ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. దానికి ఇంధనం ఖర్చు, నాలుగు నిమిషాలు ఖర్చు. మొదటి రౌండ్‌లో 19 సెకన్లకు మనవాళ్లు చచ్చారు.

1971లోనే, లోంగేవాలా తర్వాత సరిగ్గా ఐదు రోజులకు, డిసెంబర్ 10న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా దగ్గర నదిలో, మనతో కలిసి పోరాడుతున్న ముక్తి బాహిని గన్‌బోట్లు పద్మ, పలాష్‌ల మీద మన విమానాలే పొరపాటున దాడి చేశాయి. పడవల మీద పసుపు రంగు గుర్తులున్నాయి. పలాష్ ఇంజన్ రూమ్‌లో పనిచేస్తున్న రుహుల్ అమీన్ ఆ రోజే చనిపోయాడు. బంగ్లాదేశ్ ఆయనకు తన అత్యున్నత సైనిక పురస్కారం వీర్ శ్రేష్ఠ ఇచ్చింది. ఈ సంగతి చెప్పాక పిల్లలు చాలాసేపు ఆ పసుపు బకెట్ వైపు చూశారు. ఊరికే పెట్టలేదు దాన్ని.

“ఇప్పుడు డ్రోన్ ఉంది కదా సార్, వీడియో నేరుగా పైలట్‌కే పోతుంది” అని బెంగళూరు కుర్రాడు అడిగాడు. నిజమే, చూపించడం తేలికైంది. లేజర్‌తో వేలు పెట్టినట్టే చూపించొచ్చు. కానీ డ్రోన్ కెమెరా జూమ్ చేసిందంటే అది వీడి చేతిలోని అట్ట గొట్టమే. గొట్టంలో ఉన్నది ఎంత స్పష్టంగా ఉంటుందంటే, గొట్టం బయట బకెట్ ఉందన్న సంగతే గుర్తు రాదు.

మూడో రౌండ్‌కు దాడి దిక్కు కూడా అమ్మాయే చెప్పింది: తూర్పునుంచి పడమరకు, మన పోస్టుకు సమాంతరంగా. గుండు ముందు పడినా వెనక పడినా మనవాళ్ల మీద పడకుండా. ఇది నేను చెప్పలేదు, బకెట్ చూసి తనే ఆలోచించుకుంది. పైలట్ తిరిగాడు. “గోపురం, కాంటాక్ట్. పసుపు బకెట్, విజువల్. ఇటుక ట్యాంకు, ట్యాలీ.” 13 సెకన్లు. ఇక ఒక్క మాటే మిగిలింది.

అప్పుడే ఆ ట్యాంకున్న డాబా తలుపు తెరుచుకుంది. ఒకావిడ స్టీలు గిన్నెతో బయటికొచ్చి, ట్యాంకు నీడకు ఇవతల తెల్ల గుడ్డ పరవడం మొదలుపెట్టింది. గొట్టంలోంచి చూస్తున్న కుర్రాడికి ఇటుక తప్ప ఏమీ కనిపించడం లేదు. “ట్యాలీ, ట్యాలీ, పర్మిషన్?” అంటున్నాడు. నేను ఇంకో ఫోన్లో గొంతు చించుకుంటున్నాను. అమ్మాయి బైనాక్యులర్ దించలేదు.

“అబార్ట్, అబార్ట్, అబార్ట్.”

కుర్రాడు గొట్టం తీసి చూశాడు. ఆవిడ కూర్చుని సండిగెలు, అదే వడియాలు, పెడుతోంది. చిన్న చిన్నవి, వరసగా. కాకులు రాకుండా నల్ల గుడ్డ ముక్కొకటి పక్కన కట్టింది. మేం నలుగురం చూస్తుండగానే రెండో వరస మొదలైంది. బెంగళూరు కుర్రాడు స్టాప్‌వాచ్ ఆపడం మరిచిపోయాడు.